ఫార్మసీ స్కూల్లో సీటొచ్చింది, డిగ్రీ సగంలో ఉంది

అమెరికాలో డిగ్రీ రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతున్న అమ్మాయికి ఫార్మసీ స్కూల్లో సీటు ఖాయమైందని మెయిల్ వస్తుంది. డిపాజిట్ కట్టడానికి కొద్ది వారాల గడువు. ఇంట్లో సంతోషం ఒక పూట ఉంటుంది, మర్నాటి నుంచి లెక్కలు మొదలవుతాయి. చేతిలో ఉన్న బీఎస్ పూర్తిచేసి వెళ్లాలా, దాన్ని అక్కడే ఆపేసి ఆగస్టులో డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, అంటే ఫార్మ్‌డిలో చేరిపోవాలా? "డిగ్రీ లేకుండా ఎలా? రేపు ఎవరైనా అడిగితే?" అంటాడు తండ్రి. "డాడీ, సీటిచ్చిన వాళ్లే అడగలేదు కదా" అంటుంది కూతురు. ఇద్దరి మాటా నిజమే. కూతురు చెబుతున్నది ఫార్మసిస్టు అయ్యాక సంగతి. తండ్రి భయం అక్కడిదాకా చేరకపోతే ఏమిటన్నది. ఈ రెండూ కలిపి మాట్లాడుకుంటే వాదన తెల్లవార్లూ సాగుతుంది కానీ తెగదు.

ఈ తికమకంతా ఫార్మ్‌డి పేరులో ఉన్న 'డాక్టర్' అన్న మాట దగ్గర మొదలవుతుంది. డాక్టర్ చదువంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఎండీ. అమెరికాలో ఎండీకి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ నాలుగేళ్ల డిగ్రీ ముగించుకునే వెళ్తారు. డెంటల్‌కూ ఎక్కువగా అంతే. కాబట్టి ఫార్మసీకీ అదే పద్ధతి ఉంటుందనుకోవడం సహజం. కానీ ఫార్మసీ నడిచొచ్చిన దారి వేరు. అక్కడ ఫార్మసిస్టు కావడానికి చాలాకాలం బ్యాచిలర్స్ డిగ్రీయే సరిపోయేది. 1960 నుంచి అది ఐదేళ్ల కోర్సు. ఫార్మ్‌డిని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 1950లోనే మొదలుపెట్టినా, దేశం మొత్తం మీద అది కొందరు ఇష్టపడి చదివే పెద్ద చదువుగానే ఉండేది. ఫార్మసిస్టు పని మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోయడం దాటి, ఆస్పత్రి వార్డుల్లో డోసులు సరిచూడటం, డాక్టర్లకు మందుల సలహా ఇవ్వడం దాకా పెరిగింది. కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఏసీపీఈ సంస్థ 2000 నుంచి వృత్తిలోకి రావడానికి ఫార్మ్‌డి ఒక్కటే దారి అని తేల్చింది. పాత బ్యాచిలర్స్ కోర్సులు ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కనుమరుగయ్యాయి. రెండేళ్లు ప్రీ-ఫార్మసీ, నాలుగేళ్లు ఫార్మసీ, మొత్తం ఆరు. అంటే పాత డిగ్రీ ఇంటికే గోడలు జరిపి గదులు పెంచారు, దాని మీద ఇంకో అంతస్తు వేయలేదు. కింద విడిగా డిగ్రీ ఉండాలని అందుకే ఎక్కువ స్కూళ్లు పట్టుబట్టవు.

మన దగ్గర 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన ఫార్మ్‌డిదీ ఇదే వరస. ఇంటర్ తర్వాత ఆరేళ్లు, మధ్యలో వేరే డిగ్రీ ఏదీ చేతికి రాదు. ఈఏపీసెట్ రాసి గుంటూరులోనో వరంగల్‌లోనో ఫార్మ్‌డి చదివిన పిల్లను 'ముందు డిగ్రీ ఎక్కడ చేశావు?' అని ఎవరూ అడగరు.

అమెరికాలో కోర్సు పొడవు పెరగడం మన బీఫార్మసీ వాళ్లకు ఇంకో రకంగా తగిలింది. విదేశీ ఫార్మసీ పట్టాలను పరిశీలించే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికేషన్‌కు, 2003 జనవరి 1 నుంచి పట్టా తీసుకున్నవాళ్లు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. అంతకుముందు తరంలో బీఫార్మసీతో వెళ్లి, పరీక్షలు రాసి, న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో మందుల షాపుల్లో స్థిరపడ్డ బాబాయిలు, పిన్నిలు నడిచిన దారి ఆ తేదీతో మూసుకుపోయింది. వాళ్ల ప్రస్తావన ఇక్కడెందుకంటే, 'డిగ్రీ వదలొద్దమ్మా' అని ఫోన్ చేసి చెప్పేది ఎక్కువగా వాళ్లే. వాళ్లు డిగ్రీతోనే వచ్చారు, డిగ్రీతోనే బతికారు. అలా చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ వాళ్లకు లైసెన్సు తెచ్చిపెట్టింది ఆ డిగ్రీయే. ఇప్పుడు చర్చలో ఉన్న బయాలజీ బీఎస్ ఎవరికీ ఫార్మసీ లైసెన్సు తెచ్చిపెట్టదు.

సీటు కోసం డిగ్రీ

ఎక్కువ స్కూళ్లు అడిగేది డిగ్రీ కాగితం కాదు, ముందే చదివి ఉండాల్సిన ప్రీరిక్విజిట్ కోర్సులు. జనరల్ కెమిస్ట్రీ, ల్యాబ్‌తో సహా ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయాలజీ, మైక్రోబయాలజీ, అనాటమీ-ఫిజియాలజీ, క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్ కాంపొజిషన్, చాలా చోట్ల పబ్లిక్ స్పీకింగ్ కూడా. స్కూలును బట్టి ఇవి 60 నుంచి 90 క్రెడిట్ల దాకా అవుతాయి (నాలుగేళ్ల డిగ్రీ మొత్తానికి సుమారు 120). పన్నెండో తరగతి నుంచే నేరుగా చేర్చుకునే ఆరేళ్ల కోర్సులూ ఉన్నాయి. న్యూజెర్సీలో రట్గర్స్, న్యూయార్క్ క్వీన్స్‌లో సెయింట్ జాన్స్ వీటికి పేరున్నవి. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో రట్గర్స్ ఆరేళ్ల కోర్సు గురించి వినని తల్లిదండ్రులు తక్కువ. డిగ్రీ తప్పనిసరి అనేవి, ఉంటే మంచిదనేవి కొన్ని స్కూళ్లు ఉంటాయి కాబట్టి ఒక్కో స్కూలు నిబంధన విడిగా చూసుకోవాలి. అది పది నిమిషాల పని.

'డిగ్రీ ఉంటే సీటు గ్యారంటీ' అన్న మాటకు ఒకప్పుడు బలం ఉండేది. 2000ల మొదట్లో ఫార్మసిస్టులకు కొరత, సీట్లకు పోటీ. అప్పుడు దేశంలో ఫార్మసీ స్కూళ్లు 80 పైచిలుకు. ఆ గిరాకీ చూసి వరసగా కొత్తవి పుట్టుకొచ్చాయి, సంఖ్య 140 దాటింది. దరఖాస్తులు మాత్రం ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చాయి. పీక్యాట్ అనే ప్రవేశ పరీక్షను 2024 జనవరితో ఆపేశారు. సీట్ల కోసం పిల్లలు తిరిగే రోజులు పోయి, పిల్లల కోసం స్కూళ్లు తిరిగే రోజులొచ్చాయి. ఇలాంటప్పుడు సీటు కోసమే ఇంకో రెండేళ్లు డిగ్రీ చదవడంలో అర్థం లేదు. ఒక్క సందర్భంలో మాత్రం ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ గ్రేడ్ పడి, జీపీఏ నేలచూపులు చూస్తుంటే, ఇంకో ఏడాది ఆగి బయోకెమిస్ట్రీ లాంటి పై కోర్సుల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకోవడం సీటుకూ మంచిదే, ఆ తర్వాత చదువుకూ మంచిదే.

ఎందుకంటే సులువైంది సీటే, చివరి పరీక్ష కాదు. లైసెన్సు పరీక్ష నాప్లెక్స్‌లో 2022, 2023లో మొదటిసారి రాసినవాళ్లలో సుమారు ఐదోవంతు మంది తప్పారు. స్కూళ్లవారీ ఉత్తీర్ణత శాతాలను పరీక్ష నిర్వహించే ఎన్‌ఏబీపీయే బయటపెడుతుంది. డిగ్రీ సంగతి రాత్రంతా చర్చించే ఇంట్లో, సీటిచ్చిన స్కూలు వరస ఆ జాబితాలో ఎక్కడుందో చూసినవాళ్లు ఒక్కరూ ఉండకపోవచ్చు. నిజానికి ముందు చూడాల్సింది అదే.

మధ్యలో ఆగిపోతే

ఫార్మ్‌డి పూర్తయిందనుకుందాం. లైసెన్సుకు కావలసింది గుర్తింపు ఉన్న స్కూలు ఫార్మ్‌డి, నాప్లెక్స్, రాష్ట్రం అడిగే ఫార్మసీ చట్టం పరీక్ష, ఇంటర్న్‌గా పనిచేసిన గంటలు. ఆస్పత్రి ఫార్మసీలోకి వెళ్లాలంటే ఏడాది రెండేళ్ల రెసిడెన్సీ అనే శిక్షణ. దానికి అడిగేదీ ఫార్మ్‌డినే. మందుల కంపెనీల్లోకి వెళ్లడానికి రట్గర్స్ లాంటి చోట్ల నడిచే ఫెలోషిప్‌లకూ అదే. ఫార్మసీ షాపులో ఇంటర్వ్యూ చేసేవాళ్లు 'బయాలజీలో బీఎస్ ఉందా?' అని అడగరు. ఉన్నా జీతం ఒక్క డాలరు పెరగదు. తర్వాత ఎప్పుడైనా లా స్కూలుకు వెళ్లాలనో, పూర్తిగా వేరే రంగంలో మాస్టర్స్ చేయాలనో అనిపిస్తే విడి డిగ్రీ లేకపోవడం అక్కడక్కడ అడ్డొస్తుంది. అది అరుదు.

పూర్తి కాలేదనుకుందాం. అప్పుడు కథ మారిపోతుంది. ఒక ఊహా ఉదాహరణ. 62 క్రెడిట్లతో ఇరవయ్యో ఏట ఫార్మ్‌డిలో చేరిన కుర్రాడు. మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కాడు. రెండో ఏడాది ఫార్మకాలజీ, థెరప్యూటిక్స్ రెండూ ఒకేసారి మీద పడ్డాయి. ఒకదాంట్లో తప్పి ప్రొబేషన్, మళ్లీ రాసి మళ్లీ తప్పితే ఇంటికి. చేతిలో ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పట్టీ) ఉంది. పైన కమ్యూనిటీ కాలేజీలో చదివిన కెమిస్ట్రీ, బయాలజీ. కింద మెడిసినల్ కెమిస్ట్రీ, ఫార్మకోకైనెటిక్స్, ఫార్మసీ ప్రాక్టీస్ ల్యాబ్, థెరప్యూటిక్స్. రెండేళ్లు కష్టపడి చదివిన 60, 70 క్రెడిట్లు. ఇది పట్టుకుని స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి 'బీఎస్ పూర్తిచేస్తాను' అంటే, అక్కడి రిజిస్ట్రార్ ఆఫీసు కింది భాగంలోని కోర్సులకు తమ క్యాటలాగ్‌లో జతలు వెతుకుతుంది. ఒకటో రెండో దొరుకుతాయి, మిగతావి ఎలెక్టివ్‌ల కింద పడతాయి, కొన్ని ఎందులోనూ పడవు. నాలుగేళ్లు చదివాక కూడా అతను మూడో ఏడాది మొదట్లోనే ఉన్నట్టు లెక్క, పైగా ప్రొఫెషనల్ స్కూలు ఫీజుల అప్పు. ఉద్యోగం దరఖాస్తులో 'హైయెస్ట్ డిగ్రీ' అన్న గడిలో రాయాల్సింది 'హైస్కూల్'.

తండ్రి భయపడుతున్నది ఈ గడి గురించే. ఆయన దాన్ని 'రేపు ఎవరైనా అడిగితే' అన్న మాటల్లో చెప్పాడు, అంతే. కాబట్టి బ్యాచిలర్స్ డిగ్రీని ఇక్కడ చూడాల్సింది అర్హతగా కాదు, ఇన్సూరెన్సుగా. ఏ ఇన్సూరెన్సుకైనా అడిగే ప్రశ్నలు రెండే కదా. ప్రమాదం ఎంత, ప్రీమియం ఎంత?

ప్రమాదం ఎంత

ఇది మార్కుల షీట్ చూసి కొంత చెప్పొచ్చు. సైన్సు కోర్సుల్లో ఏ, బీలు స్థిరంగా ఉన్నాయా, ఒక సెమిస్టర్‌లో నాలుగు కష్టమైన కోర్సులు కలిసొచ్చినప్పుడు గ్రేడ్లు ఎలా ఉన్నాయి అన్నది ముఖ్యం. ఫార్మ్‌డి మొదటి ఏడాది అచ్చం అలాగే ఉంటుంది, ఒక తేలిక కోర్సు పెట్టుకుని ఊపిరి పీల్చుకునే వీలుండదు.

కానీ చాలామంది మధ్యలో వదిలేసేది చదవలేక కాదు. మనసు లేక. ఆ సంగతి ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు, కౌంటర్ వెనక కనిపిస్తుంది. ఫార్మసీ టెక్నీషియన్‌గా ఒక వేసవి పనిచేస్తే చాలు. సోమవారం ఉదయం షాపు షటర్ ఎత్తేసరికి శని, ఆదివారాల్లో పేరుకుపోయిన రీఫిల్స్ స్క్రీన్ మీద వరస కట్టి ఉంటాయి. డ్రైవ్-త్రూలో కారు హారన్, ఫోన్ హోల్డ్‌లో ఇద్దరు, ముందు నిల్చున్న పెద్దావిడకు షుగర్ మందు. ఇన్సూరెన్సు తిప్పికొట్టింది, 'ప్రయర్ ఆథరైజేషన్' (ముందస్తు అనుమతి) కావాలంటోంది. డాక్టర్ ఆఫీసుకు ఫ్యాక్స్ పెట్టి మూడు రోజులైంది. ఆవిడకు కోపం ఇన్సూరెన్సు కంపెనీ మీద కాదు, ఎదురుగా ఉన్న మనిషి మీద. అక్టోబర్ వస్తే వీటన్నిటి మధ్యలో ఫ్లూ టీకాలు. వెనక నిల్చున్న ఫార్మసిస్టు మధ్యాహ్నం రెండున్నరకు నిలబడే శాండ్‌విచ్ తింటూ, పక్క స్క్రీన్ మీద రెండు మందులు కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉందని పట్టుకుని, డాక్టర్‌కు ఫోన్ చేసి మందు మార్పిస్తాడు. ఆ చివరి రెండు నిమిషాలు చూసి 'నాకు కావలసింది ఇదే' అనిపించిన పిల్ల ఒక రకం. ముందరి నాలుగు గంటలు చూసి రాత్రి ఏడుపొచ్చిన పిల్ల ఇంకో రకం. రెండో పిల్లకు ఇన్సూరెన్సు కావాలి. బహుశా వేరే చదువే కావాలి. రెండేళ్లు కెమిస్ట్రీ చదివి, ఒక్క రోజైనా ఫార్మసీ లోపలి వైపు నిల్చోకుండా ఫార్మ్‌డిలో చేరడం మాత్రం, అబ్బాయి ముఖం చూడకుండా ముహూర్తం పెట్టుకున్నట్టే.

ఉద్యోగాల సంగతి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ప్రకారం 2023 మేలో ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 1,36,030 డాలర్లు. మంచి జీతమే. అయితే షాపులు తగ్గుతున్నాయి. రైట్ ఎయిడ్ 2023లో ఒకసారి, 2025లో మళ్లీ దివాలా పిటిషన్ వేసి చివరకు దుకాణాలన్నీ మూసేసింది. వాల్‌గ్రీన్స్ మూడేళ్లలో 1,200 షాపులు మూస్తామని 2024 అక్టోబర్‌లో ప్రకటించింది. సీవీఎస్ సుమారు 900 షాపులు మూస్తామని 2021లోనే ప్రకటించింది. ఆస్పత్రులు, కంపెనీల్లో ఉద్యోగాలు ఉన్నాయి, కానీ వాటికి రెసిడెన్సీయో ఫెలోషిప్పో కావాలి. ఇందులో ఏదీ బయాలజీ డిగ్రీతో తీరే ఇబ్బంది కాదు. కానీ ముప్పై ఏళ్లకు రంగం మారాలనుకుంటే, చేతిలో వేరే రంగం డిగ్రీ ఒకటి ఉండటం పనికొస్తుంది.

'వేరే రంగం' అన్నమాట ఊరికే అన్నది కాదు. ఇన్సూరెన్సు కోసం డిగ్రీ పూర్తిచేయాలని తేల్చుకున్నవాళ్లలో చాలామంది బయాలజీలోనే పూర్తిచేస్తారు, ప్రీరిక్విజిట్లన్నీ అందులో ఇమిడిపోతాయి కాబట్టి. ఒట్టి బయాలజీ బీఎస్‌తో వచ్చే ఉద్యోగాల జీతాలు తెలిసినవే. అది వాగు పక్కన ఇల్లున్నవాడు అదే వాగు పక్కన రెండో ఇల్లు కొన్నట్టు. వరదొస్తే రెండూ మునుగుతాయి. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్, కనీసం కెమిస్ట్రీ అయితే విడిగా నిలబడగల డిగ్రీ. పైగా ఫార్మ్‌డి పూర్తయితే ఈ జత ఇంకా బలం. మందు ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా లేదా తేల్చే విభాగాలు పెద్ద కంపెనీలన్నిటిలో ఉన్నాయి. అక్కడ మందులూ లెక్కలూ రెండూ తెలిసినవాళ్లకు విలువ.

ప్రీమియం ఎంత

కాలేజ్ బోర్డు లెక్క ప్రకారం 2024-25లో సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో ఏడాది ట్యూషన్, ఫీజులు సగటున 11,610 డాలర్లు. ఇంటి నుంచి వెళ్లి చదివితే ప్రీమియంలో కంటికి కనిపించే భాగం అంతే. కనిపించనిది, ఏడాది ఆలస్యంగా మొదలయ్యే జీతం. దీన్ని 'లక్షా ముప్పై వేలు పోయాయి' అని చెప్పేవాళ్లుంటారు. పన్నులు పోగా చేతికొచ్చేది తక్కువ, పెద్ద ఊళ్లలో కొత్తవాళ్లకు మొదట్లో పూర్తి గంటలు దొరకవు కూడా. ఆ తగ్గింపులన్నీ వేసినా చిన్న మొత్తం కాదు. అప్పు మీద వడ్డీ ఒక ఏడాది ముందు తీరడం, రిటైర్మెంట్ పొదుపు ఒక ఏడాది ముందు మొదలవడం కూడా అందులోనే ఉన్నాయి. రెండేళ్లు ఆలస్యమైతే రెట్టింపు.

కాబట్టి 60 క్రెడిట్ల దగ్గర ఉన్న పిల్లకూ, 95 క్రెడిట్ల దగ్గర ఉన్న పిల్లకూ ఒకే సలహా చెల్లదు. మొదటి పిల్ల డిగ్రీకి రెండేళ్లు బాకీ. గ్రేడ్లు బాగుండి, కౌంటర్ వెనక నిల్చుని చూసి, స్కూలు మంచిదైతే, ఆ రెండేళ్ల ప్రీమియం ఎక్కువే. వెళ్లిపోవడమే మేలు. రెండో పిల్ల బాకీ ఏడెనిమిది కోర్సులు. అంత దూరం వచ్చి, ఆ కోర్సుల కోసం వెనకాడి డిగ్రీ వదిలేయడం తొందరపాటు.

అప్పుతో చదివేవాళ్లు ఇక్కడ ఇంకో సంగతి చూసుకోవాలి. 2025 జూలైలో వచ్చిన చట్టం ఫెడరల్ అప్పుల లెక్క మార్చేసింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు ఉండవు. ఫార్మ్‌డి లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లు పరిమితి. పాత పద్ధతిలో స్కూలు చెప్పిన ఖర్చంతా అప్పుగా దొరికేది. ఇప్పుడు ఖరీదైన ప్రైవేటు స్కూల్లో ఫీజు, అద్దె కలిపి 50 వేలు దాటితే మిగతాది ప్రైవేటు బ్యాంకు లోను, దానికి అమ్మో నాన్నో హామీ సంతకం. తక్కువ కాలంలో ముగిసే కోర్సులకు ఈ వార్షిక పరిమితి ఇంకా ఇబ్బంది. కాలిఫోర్నియా స్టాక్‌టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ది పసిఫిక్ లాంటి చోట్ల సెలవుల్లేకుండా నడిపి ఫార్మ్‌డిని మూడేళ్లలో ముగిస్తారు. డిగ్రీ పూర్తిచేసి ఇలాంటి కోర్సులో చేరితే మొత్తం ఏడేళ్లు, రెండు ప్లస్ నాలుగు పద్ధతి కంటే ఒక్క ఏడాదే ఎక్కువ. టైము మిగులుతుంది, కానీ నాలుగేళ్లకు పరుచుకోవాల్సిన ఫీజు మూడేళ్లలో కట్టాలి. ఏడాదికి దొరికే అప్పు మాత్రం అంతే.

వీసా మీద ఉన్న ఇళ్లలో

ఇంతవరకు చెప్పిన అప్పులు సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు. హెచ్-1బీ మీద వచ్చి, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్లుగా ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు తల్లిదండ్రుల మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే హెచ్-4 వీసా మీద ఉంటారు. ఫెడరల్ అప్పు రాదు, టెక్నీషియన్‌గా పనిచేసి చూసే అవకాశమూ లేదు. వాలంటీర్‌గానో షాడోయింగ్‌గానో చూడాలి. ఇరవై ఒకటో పుట్టినరోజుకు హెచ్-4 ముగిసి విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. సరిగ్గా అది ఫార్మ్‌డి మొదటి, రెండో ఏడాదిలో పడుతుంది.

వీళ్ల విషయంలో డిగ్రీ వైపు తూకం మొగ్గుతుంది, అదీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే. ఎఫ్-1 విద్యార్థికి ఒక్కో స్థాయి చదువు తర్వాత 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి, ఉంటుంది. స్టెమ్ డిగ్రీకి ఇంకో 24 నెలలు పొడిగింపు. ఫార్మ్‌డిని స్టెమ్ కోడ్ కింద నమోదు చేయని స్కూల్లో చదివితే ఆ పొడిగింపు ఫార్మ్‌డి మీద రాదు. కానీ అంతకుముందు పదేళ్లలోపు అమెరికాలోనే తీసుకున్న స్టెమ్ డిగ్రీ ఉండి, దాని మీద పొడిగింపు వాడుకోకపోతే, ఫార్మ్‌డి తర్వాత ఓపీటీకి ఆ పాత డిగ్రీ ఆధారంగా 24 నెలలు అడగొచ్చు. షరతులున్నాయి. చేసే పని ఆ స్టెమ్ సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి, యజమాని ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉండాలి. షాపు కౌంటర్ ఉద్యోగానికి ఇది కుదరడం కష్టం. కంపెనీ ఉద్యోగానికైతే, హెచ్-1బీ లాటరీలో ఒక్కసారికి బదులు మూడుసార్లు పేరు వేసుకునే వీలు ఈ పాత బీఎస్ వల్లే రావచ్చు. అందరికీ ఇన్సూరెన్సు అయిన డిగ్రీ, వీళ్లకు నిజంగానే ఒక అర్హత. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓతో ఈ సంగతి మాట్లాడకుండా డిగ్రీ వదలకూడదు.

రెండూ కలిసొచ్చే దారి

ఇంట్లో వాదన 'డిగ్రీయా, ఫార్మ్‌డియా' అన్నట్టు సాగుతుంది కానీ, చాలా చోట్ల రెండూ ఒకే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇమిడిపోతాయి. కనెక్టికట్ యూనివర్సిటీలో ఫార్మసీ చదువు మధ్యలోనే ఫార్మసీ స్టడీస్‌లో బీఎస్ చేతికొస్తుంది, తర్వాత ఫార్మ్‌డి. ఇలా దారిలో ఒక మజిలీ ఉన్న స్కూలైతే, కాలు జారినా పూర్తిగా కిందికి పడరు. ఇంకొన్ని యూనివర్సిటీల్లో మూడు ప్లస్ నాలుగు ఒప్పందాలుంటాయి. మూడేళ్లు డిగ్రీ చదివి ఫార్మ్‌డిలో చేరితే, ఫార్మసీ మొదటి ఏడాది క్రెడిట్లను వెనక్కి తెచ్చి నాలుగో ఏడాది కింద లెక్కగట్టి బీఎస్ ఇస్తారు. ఒప్పందం ఇంటర్నెట్‌లో కనిపించకపోయినా అడిగి చూడటంలో నష్టం లేదు.

అడగాల్సింది ఊరికే నోటితో కాదు. ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ అనే షీట్ ఉంటుంది. మళ్లీ ఒక ఊహా ఉదాహరణ. బయోకెమిస్ట్రీ బీఎస్, 120 క్రెడిట్లకు 96 పూర్తి. హైస్కూల్లో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షల క్రెడిట్లు అందులోనే. ఎర్రగా కనిపించే వరసలు ఆరు. పై స్థాయి బయోకెమిస్ట్రీ ఒకటి, దాని ల్యాబ్, రెండు మేజర్ ఎలెక్టివ్‌లు, ఒక ఆర్ట్స్ కోర్సు, ఒక 'రైటింగ్ ఇంటెన్సివ్' కోర్సు. వీటితో పాటు ఏ బాక్సులోనైనా సరే ఇంకో ఏడు క్రెడిట్లు కావాలి. ఆర్ట్స్, రైటింగ్ కోర్సులు వేసవిలో ఆన్‌లైన్‌లో అయిపోతాయి. ఎలెక్టివ్‌లు, ఆ ఏడు క్రెడిట్లు ఫార్మసీ మొదటి ఏడాదిలో చదివే ఇమ్యునాలజీ, ఫిజియాలజీ, మెడిసినల్ కెమిస్ట్రీతో నిండొచ్చు, డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే. మిగిలేది బయోకెమిస్ట్రీ కోర్సూ దాని ల్యాబూ. దాన్ని వసంతకాలపు సెమిస్టర్‌లోనే లాగించేస్తే, ఆగస్టులో ఫార్మ్‌డికి వెళ్లే పిల్లకు మరుసటి ఏడాది మేలో బీఎస్ పట్టా ఇంటికి పోస్టులో వస్తుంది.

రెండు చోట్ల ఇది తప్పిపోతుంది. 'చివరి 30 క్రెడిట్లు మా దగ్గరే చదవాలి' అనే నిబంధన చాలా యూనివర్సిటీల్లో ఉంది, దానికి డీన్ ఆఫీసు మినహాయింపు ముందే రాయించుకోవాలి. ఇంకోటి, అడ్వైజర్ నోటిమాట. 'అవన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి, ఏం ఫర్వాలేదు' అని నవ్వుతూ చెప్పిన మనిషి ఏడాది తిరిగేసరికి ఆ సీట్లో ఉండకపోవచ్చు. ఏ ఫార్మసీ కోర్సు ఏ బాక్సులోకి వస్తుందో కోర్సు నంబర్లతో సహా మెయిల్‌లో రాయించుకుని, దాన్ని డిగ్రీ ఆడిట్‌లో ఎక్కించమని అడగాలి. షీట్‌లో వరస ఎరుపు నుంచి పచ్చకు మారాకే అది మాట కింద లెక్క.

ఆ జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోపు డిపాజిట్ గడువు దగ్గరపడితే, గడువు పొడిగించమనో, సీటును ఒక ఏడాది వాయిదా వేయమనో ఫార్మసీ స్కూలుకే రాయొచ్చు. సీట్లు నింపుకోవడానికి తంటాలు పడుతున్న స్కూళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలా అడిగిన మెయిల్‌కు జవాబు ఆడిట్ షీట్ కంటే ముందే వచ్చినా ఆశ్చర్యం లేదు.